బాలింతల గది

ఆ వానాకాలం మా ఇంట్లో మొదట పోయింది దొరసాని పిల్లలు. దొరసాని అంటే ఎలుక. తెల్లటి ఒళ్ళు, ఎర్రటి కళ్ళు, ఎవరు దగ్గరికెళ్ళినా మూతి పైకెత్తి చూసే టెక్కు. ఆ పేరు పెట్టింది మా అత్తగారు.

మా పెరట్లో ఒక రేకుల గది ఉండేది. అందులో గోడ పొడుగునా చెక్క అరలు, అరల మీద జాలీ మూతల పెట్టెలు, పెట్టెల్లో ఎలుకలు. పాముకాటుకు మందు తయారుచేసే సంస్థ ఒకటి ఊరి చివర ఉంది. అక్కడి పాములకు మేం పెంచిన ఎలుకలే మేత. వారానికోసారి వ్యాను వచ్చి, పాలు మరిచి కాస్త ఎదిగిన పిల్లల్ని తీసుకెళ్ళేది. మామగారు పోయాక అత్తగారు ఈ పని మీదే కొడుకును పెంచి పెద్దచేశారు. నేను కాపురానికొచ్చేనాటికి మా ఆయన బస్సుల డిపోలో మెకానిక్కు. ఎలుకల గదిలోకి తొంగి కూడా చూసేవారు కాదు. చిన్నప్పుడు బళ్ళో అందరూ "ఎలుకలోడా" అని ఏడిపించారట. ఆ ఉక్రోషం మీసాలొచ్చినా పోలేదు.

అందుకని ఆ గది అత్తాకోడళ్ళ రాజ్యం. రాణి ఆవిడ, బంటును నేను.

అత్తగారు వాటిని ఎలుకలు అనేవారు కాదు. కడుపుతో ఉన్నవి చూలింతలు, పిల్లలున్నవి బాలింతలు. "అమ్మాయ్, కింది వరసలో బాలింతకి నీళ్ళు చూశావా?" అని పెరట్లోంచి కేకేస్తుంటే, కొత్తగా దిగిన పక్కింటావిడ మా ఇంట్లో ప్రసూతి ఆసుపత్రి నడుస్తోందేమో అనుకుంది.

చూలింతకు మేత గుళికలతో పాటు నానబెట్టిన శనగలు, ఓ ఉడికించిన గుడ్డు ముక్క. అలాగని మరీ మేపకూడదు, కొవ్వు పడితే కానుపు కష్టం. కానుపయ్యాక మాత్రం చెయ్యి ధారాళం కావాలి. అంతమంది పిల్లలకు పాలిచ్చే తల్లి మామూలు తిండికి రెండింతలు, మూడింతలు తింటుంది. అన్నిటికంటే ముఖ్యం నీళ్ళు. సీసా ఎండితే పాలు ఎండుతాయి. పాలెండిన తల్లి బెదిరిపోయి ఏం చేస్తుందో చెప్పలేం. ఇవన్నీ అత్తగారు నాకు పాఠంలా చెప్పలేదు. పొద్దున్నే గిన్నె నా చేతికిచ్చి వెనకాల నడుస్తూ, తప్పు పెట్టినప్పుడల్లా నా మోచేతి మీద ఒక్కటి తగిలించేవారు.

పుట్టిన పిల్లను అరచేతిలో వేసుకుని వెలుతురుకేసి చూపించడం ఆవిడకు సరదా. ఎర్రటి పల్చటి చర్మం కింద, పొట్ట దగ్గర తెల్లటి మచ్చ. అది తాగిన పాలు. "ఇది కనిపించిందా, తల్లి బాగున్నట్టు. కనిపించలేదా, తప్పు తల్లిది కాదు, మనది" అనేవారు.

పాముల నోట్లోకి పోయేవాటికి ఇంత సేవ ఎందుకని నేను ఒకసారి అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఎక్కడికి పోతే ఏం, మన దగ్గరున్నన్నాళ్ళూ ఆకలి తెలియకూడదు" అన్నారు.

ఆవిడ ముక్కు కూడా మామూలు ముక్కు కాదు. గుప్పెడు గుళికలు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, చెమ్మ ఎక్కడ తగిలిందో చెప్పేసేవారు. మేత కొట్టువాడు ఆవిణ్ణి గుమ్మంలో చూడగానే ముందున్న బస్తా వదిలేసి లోపలి బస్తా తెచ్చేవాడు.

వానలు మొదలైన కొత్తలో ఒక బస్తా విప్పాను. మూతి విప్పగానే తడి గోనెపట్టా కంపు గుప్పుమంది.

"అత్తయ్యా, ఇది బూజు పట్టినట్టుంది."

ఆవిడ వచ్చి గుప్పెడు తీసి వాసన చూశారు. చాలాసేపు చూశారు. "బంగారంలా ఉంది. పెట్టు."

"కంపు కొడుతోంది కదత్తయ్యా."

"నిన్న కాక మొన్న వచ్చి నాకు మేత సంగతి చెప్తావా? పెట్టమన్నానా!"

పెట్టాను. ఆ గదిలో ఆవిడ మాటకు ఎదురుండేది కాదు.

ఆ వారంలోనే దొరసాని ఈనింది. మర్నాడు పొద్దున్న మూత తీస్తే గూటిలో చింపిన కాగితాల మధ్య ఒకటో రెండో మిగిలాయి, అవీ సగమే. దొరసాని ఓ మూల కూర్చుని శుభ్రంగా మూతి తుడుచుకుంటోంది. తరవాత పై వరసలో చూలింతల పొట్టలు ఒక్కొక్కటే దిగిపోయాయి. కనలేదు, పోయిందేమిటో కంటికి కనపడలేదు, ఊరికే సన్నబడి మామూలుగా తిరిగాయి. మరో బాలింత దగ్గర పిల్లల పొట్టల్లో తెల్ల మచ్చ లేదు. సాయంత్రానికి అవి చల్లబడ్డాయి.

వ్యాను ఆయన వచ్చి ఖాళీ పెట్టెలు చూసి తల గోక్కున్నాడు. మనిషి హాస్యగాడు. "ఏంటి పెద్దమ్మగారూ, మా పాములు ఈ వారం గాలి పీల్చుకు బతకాలా?" అన్నాడు. ఎప్పుడూ అతని మాటకు మాట అంటించే అత్తగారు ఖాళీ పెట్టెల మూతలు వేసి లోపలికెళ్ళిపోయారు.

ఆ రోజు అన్నాల దగ్గర కూర్చున్నాక ఆవిడ కొడుకుతో అన్నారు. "మీ ఆవిడకి మనసు పని మీద లేదురా. బాలింతలకి నీళ్ళు పెట్టదు. మేత ఇష్టమొచ్చినట్టు పడేస్తుంది. ఇన్నేళ్ళలో నా చేతిలో ఇలా ఎప్పుడూ జరగలేదు."

నేను నోరు తెరిచేలోపే మా ఆయన, "ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యొచ్చు కదా" అన్నారు. తలెత్తకుండానే అన్నారు. కంచం తీసుకుని లేచిపోతే కోపమనుకుంటారని, కూర్చునే ఉన్నాను.

మర్నాటి నుంచి నేను ఆవిణ్ణి గమనించడం మొదలుపెట్టాను. పట్టుకోవాలని కాదు. నిజంగా నా తప్పేనేమో తెలుసుకోవాలని.

మధ్య అరలో ఒక లావుపాటి మగ ఎలుక ఉండేది. తినడం, పడుకోవడం తప్ప మరో ధ్యాస లేనిది. దాన్ని జమీందారు అనేవాళ్ళం. ఆ పొద్దున్న అత్తగారు గుడ్డు గిన్నె పట్టుకుని వచ్చి జమీందారు పెట్టెలో ఒక ముక్క వేశారు. మగవాటికి గుడ్డు వేసే అలవాటే లేదు మా ఇంట్లో. రెండడుగులు నడిచి, ఆగి, వెనక్కి వచ్చి మళ్ళీ వేశారు. వరస చివరి దాకా వెళ్ళి తిరిగొస్తూ మళ్ళీ వేశారు. దాని పక్కనే కొత్తగా ఈనిన బాలింత జాలీకి మూతి ఆనించి నిలబడి ఉంది. దాని సీసాలో చుక్క నీళ్ళు లేవు. ఆవిడ దాన్ని దాటి వెళ్ళిపోయారు.

"అత్తయ్యా, జమీందారుకు ఇందాకే వేశారు కదా."

ఆవిడ గిరుక్కున తిరిగారు. "నాకు చెప్పొచ్చేదానివయ్యావా? నా కళ్ళేమన్నా పోయాయా?" గొంతులో కోపముంది. కానీ కళ్ళు గిన్నెలో మిగిలిన ముక్కల్ని లెక్కపెడుతున్నాయి.

అప్పట్నుంచి నేను ఆవిడ వెనకాల రెండో విడత తిరిగేదాన్ని. ఆవిడ మధ్యాహ్నం నడుం వాల్చగానే గదిలోకి వెళ్ళి, ఎండిన సీసాలు నింపి, మేత అందనివాటికి వేసి, జమీందారు ముందు కుప్పపడ్డ గుడ్డు తీసేసేదాన్ని. బూజు మేత వీధి చివర గుంటలో పారేసి, గోనె ఉతికి ఆరేసి, కొత్త మేత తెచ్చి ఆవిడకు తెలియకుండా అందులోనే పోశాను. కానుపులు మళ్ళీ సర్దుకున్నాయి. పిల్లల పొట్టల్లో తెల్ల మచ్చలు వచ్చాయి.

"చూశావురా? గట్టిగా నాలుగు తగిలిస్తే గానీ దారికి రాలేదు మీ ఆవిడ" అన్నారు అత్తగారు కొడుకుతో. ఆయన నవ్వారు. నేనూ నవ్వాను, ఏడవలేక.

కానీ ఎన్నాళ్ళు దాచడం? ఒకరోజు మా ఆయన బట్టలు మార్చుకుంటుంటే చెప్పాను. అత్తయ్యకి పెట్టింది గుర్తుండటం లేదు, వాసన కూడా తెలుస్తున్నట్టు లేదు, ఒకసారి డాక్టరుకి చూపిద్దామని.

ఆయన ముఖం మాడిపోయింది. "మా అమ్మకా? మతిమరుపా?" అని విసురుగా వెళ్ళి ఆవిడ ఎదురుగా కూర్చున్నారు. "అమ్మా, నేను పుట్టిన రోజు సంగతి చెప్పవే ఒకసారి" అన్నారు.

అత్తగారికి అంతకన్నా కావలసిందేముంది. ఆ రోజు కరెంటు పోవడం, నర్సు చెప్పు తెగడం, మామగారు కంగారులో ఎవరిదో గొడుగు పట్టుకు రావడం, ఆ గొడుగు తాలూకు మనిషి మర్నాడు వచ్చి పోట్లాడటం, అన్నీ చెప్పారు. ఒక్క ముక్క తడబడలేదు.

ఆయన తిరిగొచ్చి, "విన్నావా? నాకే ఉండదు అంత జ్ఞాపకం" అన్నారు.

"పాతవి కాదండీ. ఇవాళ పొద్దున్నవి అడగండి."

"నీకు మా అమ్మంటే పడదని చెప్పు, సరిపోతుంది. దానికి ఇంత కథెందుకు?"

ఆ తరవాత ఆయనతో ఆ మాట ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం వాన రేకుల్ని చితగ్గొడుతోంది. నీళ్ళ సీసాలు కడిగి తెచ్చేసరికి అత్తగారు గదిలో పీట మీద కూర్చుని ఉన్నారు. పడుకోలేదన్నమాట. ఒళ్ళో గుడ్డు, శనగల గిన్నె. అరల వంక చూస్తున్నారు గానీ దేన్నీ చూడటం లేదు. నేను వచ్చిన అలికిడికి కూడా తల తిప్పలేదు.

"అమ్మాయ్, వీళ్ళకి పెట్టానా?"

ఆవిడ నన్ను ఆ గొంతుతో ఎప్పుడూ ఏదీ అడగలేదు. "కొందరికి పెట్టినట్టున్నారు" అన్నాను.

"ఎవరికి?"

ఆవిడ పక్కనున్న డబ్బాలోంచి గుప్పెడు గుళికలు తీసి నా ముక్కు దగ్గర పెట్టారు.

"ఎలా ఉంది?"

"బాగానే ఉందత్తయ్యా. పొడిగా, కమ్మగా ఉంది."

"నాకేమీ రావటం లేదు." గుళికలు మళ్ళీ డబ్బాలో వేసి చెయ్యి దులుపుకున్నారు. "మొదట జలుబనుకున్నా. వానలకి ముందే పోయింది వాసన. ఆ బస్తా బూజు పట్టిందని నువ్వన్నావు చూడు, అప్పుడు ఎంత పీల్చినా తెలియలేదు. తెలియట్లేదని చెప్పటానికి నోరు రాలేదు."

వాన హోరులో ఎలుకలు జాలీలు కొరుకుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది. తిండి వేళ దాటితే అవి అలాగే చేస్తాయి.

"వాడికి చెప్పకు" అన్నారు ఆవిడ. "నీ మీద కోపమైతే నాలుగు రోజుల్లో మర్చిపోతాడు. నా సంగతి తెలిస్తే ఈ గది మూసేస్తాడు. మూసేస్తే పొద్దున్నే లేచి నేనెక్కడికి పోను?"

తప్పంతా నా నెత్తిన వేసుకోమని అడుగుతున్నారు. నాలుక చివరి దాకా వచ్చింది, నేను మనిషిని కానా అత్తయ్యా అని. ఆవిడ చేతుల వంక చూశాను. నా మోచేతి మీద తగిలించే ఆ చేతులు గిన్నె అంచును పట్టుకుని ఉన్నాయి, ఎవరో లాక్కుంటారన్నట్టు.

"ముందు బాలింతలకి పెడదాం, లేవండి" అన్నాను.

వరస మొదటినుంచి వెళ్ళాం. దీనికి అని నేను అంటే ఆవిడ పెట్టేవారు. దీనికొద్దు అంటే చెయ్యి వెనక్కి తీసుకునేవారు.

అలా కొన్ని వారాలు గడిచాయి. గదిలో ఇద్దరం ఒక జట్టు. భోజనాల దగ్గర ఆవిడ నన్ను దెప్పేవారు, నేను తలొంచుకునేదాన్ని. మా ఆయన నాతో ముక్తసరిగా మాట్లాడటం అలవాటు చేసుకున్నారు. మొదట్లో అత్తగారు నన్ను తిట్టి, కొడుకు అటు తిరగ్గానే నా చెయ్యి నొక్కేవారు. కొన్నాళ్ళకు ఆ నొక్కడం ఆగిపోయింది. ఆవిడకు అది మేమిద్దరం ముందే అనుకుని ఆడుతున్న అబద్ధమని గుర్తులేదు. తిట్టు మాత్రం మిగిలింది. నిజంగానే నన్ను అసహ్యించుకుంటూ, "నా బాలింతల పిల్లల్ని చంపేసింది ఇదే" అని పక్కింటావిడతో చెప్పారు ఒకరోజు, నేను బట్టలారేస్తుండగానే. ఆ రోజు గదిలోకి వెళ్ళి జమీందారు పెట్టె ముందు కూర్చుని ఏడ్చాను. అది నన్ను చూస్తూ గుళిక కొరుకుతూనే ఉంది.

వానలు తెరిపివ్వని రోజుల్లో ఒకనాడు మేత కొట్టుకు వెళ్ళి వచ్చేసరికి వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. ఇంట్లో ఆవిడ లేరు. గదిలో లేరు. గిన్నె కూడా లేదు. వీధి వీధంతా తిరిగాను. బేకరీ వాళ్ళనడిగాను, టైలర్ని అడిగాను. మోకాళ్ళ దాకా తడిసి ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి ఉండగా మా ఆయన ఆవిణ్ణి నడిపించుకుని వచ్చారు. ఆవిడ భుజం మీద ఆయన చేతి గ్రీజు మరక అయిదు వేళ్ళతో అచ్చుపడి ఉంది.

జరిగింది ఆయన చెప్పలేదు. తరవాత ఆయనతో పనిచేసే ఎలక్ట్రీషియను చెప్పాడు. డిపోలో బస్సులు వరసగా నిలబెట్టి ఉన్నాయట. అత్తగారు వానలో తడుస్తూ ఆ వరస వెంట నడుస్తున్నారు. ఒక్కో బస్సు దగ్గరా ఆగి, మెట్టు మీద ఒక గుడ్డు ముక్క, నాలుగు శనగలు పెట్టి, తలుపు వంక కాసేపు చూసి, తరవాతి బస్సుకు వెళుతున్నారు. కుర్ర మెకానిక్కులు నవ్వారట. ఆ నవ్వులకు మా ఆయన ఒక బస్సు కింద నుంచి బయటికొచ్చి చూశారు. చేతులైనా తుడుచుకోకుండా ఆవిడ పక్కకు వెళ్ళి, వరస అయ్యేదాకా ఆగి, "అయిపోయిందమ్మా, అందరికీ పెట్టేశావు, ఇంటికెళదాం" అన్నారట.

గుమ్మంలో ఆయన నన్ను, "ఇంత జరుగుతుంటే నాకెందుకు చెప్పలేదు?" అన్నారు.

నేను ఆయన ముఖంలోకి చూశాను. ఆయన చూపు తిప్పుకున్నారు.

"తువ్వాలు తెస్తాను, ఆవిడ వణికిపోతున్నారు" అన్నాను.

డాక్టరు రకరకాల పరీక్షలు చేసి, జబ్బు పేరు చెప్పి, ఇది తగ్గేది కాదు, మెల్లగా పెరిగేదేనని చెప్పాడు. వాసన పోవడం కూడా అందులో భాగమే కావచ్చన్నాడు. ఇంటికొచ్చాక మా ఆయన, "ఆ గది తీసేద్దాం. వ్యాను ఆయన్ని రేపే రమ్మంటాను" అన్నారు.

"రేపు కుదరదు. పిల్లలతో ఉన్నవాటిని కదిపితే బెదిరి తినేస్తాయి. పిల్లలు పాలు మరిచేదాకా ఆగాలి."

నేను ఆయనకు అడ్డు చెప్పడం అదే మొదలు. ఆయన తలూపారు.

చిన్నప్పటి నుంచి తొంగి చూడని గదిలోకి మా ఆయన ఆ రోజుల్లో పొద్దున్నే వచ్చేవారు. నీళ్ళ సీసాలు నింపడం నేర్చుకున్నారు. మొదట ముక్కు మూసుకునేవారు, తరవాత మానేశారు. ఒకసారి అప్పుడే పుట్టిన పిల్లను ఆయన అరచేతిలో పెట్టి తెల్ల మచ్చ చూపించాను. చాలాసేపు చూసి, "ఇవన్నీ అమ్మ నీకు నేర్పిందా?" అన్నారు. అవునన్నాను. వంగి, దాన్ని తల్లి పక్కన మెల్లగా దించారు.

పిల్లలు ఎదిగినకొద్దీ తల్లుల తిండి తగ్గిస్తూ వచ్చాను. అత్తగారు గుమ్మంలో కూర్చుని చూస్తూ, "బాలింతల కడుపు మాడుస్తున్నావే, నీ చేతులు పడిపోను" అనేవారు. పిల్లలు మానేశాక పాలు ఊరితే తల్లికి బాధని చెబితే, "అలాగా" అని కొత్త సంగతి విన్నట్టు తలూపేవారు.

పెద్దవాటిని తమ దగ్గరే పెంచుకుంటామని సంస్థవాళ్ళు ఒప్పుకున్నారు. ఆఖరి పెట్టెల కోసం వ్యాను వచ్చిన పొద్దున్న సన్నగా తుంపర పడుతోంది. మా ఆయన, వ్యాను ఆయన కలిసి పెట్టెలు మోస్తున్నారు. నేను ఒక్కోదాని మూత సరిచూసి అందిస్తున్నాను. అత్తగారు ఉతికిన బట్టలు కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చి వ్యాను పక్కన నిలబడ్డారు.

చివరి పెట్టె ఎక్కిస్తుంటే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. మూత ఎత్తి లోపలున్న తల్లిని చూశారు. పొట్ట కింద వేలితో తడిమారు.

"దీని పిల్లలు నిన్నో మొన్నో మానాయి. ఇంకా పాలున్నాయి. ఒకట్రెండు రోజులు గుడ్డు జోలికి పోకండి, గుళికలు కూడా సగమే వెయ్యండి. లేకపోతే గడ్డలు కట్టి జ్వరమొస్తుంది. నీళ్ళు మాత్రం ఆపొద్దు. పక్క పెట్టెలోది చూలింత, దాన్ని కుదుపుల్లేకుండా తీసుకెళ్ళండి. మగదాన్ని దాని పక్కన పెట్టకండి."

ఒక్క మాట తప్పు లేదు. వ్యాను ఆయన నోరు తెరుచుకుని విన్నాడు. మా ఆయన వైపు తిరిగి, "పెద్దమ్మగారు నిక్షేపంలా ఉన్నారు కదండీ. అనవసరంగా తీసేస్తున్నారేమో" అన్నాడు.

మా ఆయన చప్పున నా వంక చూశారు. ఆ చూపులో ఎంత ఆశ ఉందో చెప్పలేను. నాకూ ఒక్క క్షణం, దింపేయండి, అన్నీ దింపేయండి అనాలనిపించింది.

అత్తగారు మూత వేసి నా దగ్గరికొచ్చారు. నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నారు.

"ఇంత వానలో సాయానికొచ్చావు తల్లీ. పొద్దుట్నుంచి చూస్తున్నా, నిలబడ్డ కాళ్ళ మీదే ఉన్నావు. ఇక ఇంటికెళ్ళు, మీవాళ్ళు ఎదురుచూస్తుంటారు. మా కోడలు వచ్చేస్తుంది. మిగతాదంతా అది చూసుకుంటుంది." కొంచెం దగ్గరికి వంగి, రహస్యం చెప్పినట్టు గొంతు తగ్గించారు. "నేను పైకి తిడతాను గానీ, చాలా మంచి చెయ్యి దానిది. అది ఉండగా ఈ ఇంట్లో ఎవరూ ఆకలితో పడుకోరు."

వ్యాను ఆయన వెళ్ళి తన సీట్లో కూర్చున్నాడు. మా ఆయన మాకు వీపు తిప్పి, వ్యాను వెనక తలుపు గడియను వేస్తూ, తీస్తూ, మళ్ళీ వేస్తూ నిలబడ్డారు.

ఆవిడ ఇంకా నా చేతులు వదల్లేదు. తుంపరకు ఆవిడ నుదుటి మీద వెంట్రుకలు తడుస్తున్నాయి.

"మీ కోడలు వచ్చేదాకా ఉంటానండీ" అన్నాను. "లోపలికి పదండి, తడిసిపోతున్నారు."